లక్కీ కపుల్ అంట! (3 స్టార్లు)

మా అక్క కవలల పుట్టినరోజుకని బరంపురంలో ఒక హస్తకళల షాపులో 1,450 రూపాయలు పెట్టి ఈ చెక్కబొమ్మల జత కొన్నాను. పక్కన అట్టముక్క మీద 'ఆఫ్రికన్ లక్కీ కపుల్' అని రాసి ఉంది. పర్లాకిమిడి బస్సెక్కి తీరిగ్గా ఫోన్లో వెతికితే గుండె గుభేలుమంది. ఇవి మొగుడూపెళ్లాలు కాదు, నైజీరియాలో యోరుబా వాళ్ల ఇబెజీ బొమ్మలకి నకళ్లు. వాళ్లలో కవల కాన్పులు ప్రపంచంలోనే బాగా ఎక్కువ. కవలలిద్దరికీ ఆత్మ ఒకటేనని నమ్మకం, అందుకని ఒకరు పోతే రెండోవాళ్లకి కూడా ముప్పేనన్న భయంతో జోస్యుణ్ణి అడిగి పోయిన బిడ్డ పేరున బొమ్మ చెక్కిస్తారు. జత ఉందంటే చాలాసార్లు ఇద్దరూ పోయినట్టే. బతికున్న పిల్లలకి నేను ఇవ్వబోయింది ఇదన్నమాట!

తల్లి ఆ బొమ్మకి స్నానం చేయించి, ఎర్రటి చెక్కపొడి రాసి, పూసలు కట్టి, అన్నం కూడా పెడుతుంది. మా మామ్మకి చెబితే వింతగా ఏం చూడలేదు, స్నానపూర్ణిమకి చెక్క జగన్నాథుడికి 108 కుండల నీళ్లు పోసి, తరవాత జ్వరమొచ్చిందని పడుకోబెట్టే ఊళ్లవాళ్లం కదా. యోరుబా కవలల్లో ముందు పుట్టినవాడి పేరు తైవో, వెనక పుట్టినవాడి పేరు కెహిందే, కానీ కెహిందేనే పెద్దోడట, లోకం ఎలా ఉందో చూసి రమ్మని తమ్ముణ్ణి ముందు పంపాడట. "మరి అంతేగా, పెద్దోడు పని చెప్తాడు, చిన్నోడు పరిగెడతాడు" అంది మామ్మ.

ఇక సరుకు సంగతి. చెక్కడం బాగానే ఉంది, పెద్ద తల, ఎత్తైన జుట్టుముడి, బిడ్డ పేరున చేసినా ఒళ్లు మాత్రం పెద్దవాళ్లదే, అది అసలు పద్ధతే. తేడా కొట్టింది అరుగుదల దగ్గర. పాత బొమ్మల్లో ఏళ్ల తరబడి కడిగి, తినిపించిన చేతుల వల్ల ముక్కూ మూతీ నున్నగా అరిగిపోతాయి, చెవుల వెనకా మడతల్లోనూ ఆ ఎర్రపొడి పేరుకుని ఉంటుంది. వీటికేమో ఉప్పుకాగితంతో అంతటా ఒకేలా రుద్దేశారు, పైన పూసిన రంగు మా తెల్ల తువ్వాలుకి అంటుకుంది, రెండుసార్లు ఉతికినా పోలేదు.

వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు కానీ ఓనరు విషయమంతా ఓపిగ్గా విన్నాడు, అందుకే మూడో స్టారు. అట్టముక్క మాత్రం పోయిన వారం వెళ్లినప్పుడు కూడా అక్కడే ఉంది. పిల్లలకి ఏటికొప్పాక లక్కబొమ్మలు కొనిచ్చాను, ఇవి నా టేబుల్ మీద ఉన్నాయి.