పదో తరగతి తర్వాత ట్రిపుల్ ఐటీయా, పాలిటెక్నిక్కా, ఇంటరా? మా జాలారిపేట లెక్క

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి విశాఖలో మా జాలారిపేట, అంటే మత్స్యకారుల పేటలో, మా నెట్ సెంటర్‌లో అందరూ అడిగేది ఒకటే, "మార్కులు బాగానే వచ్చాయి, పిల్లాడిని ఎందులో వెయ్యమంటావు?" ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. పైగా పోయినేడాది మా చెల్లి కొడుకు విషయంలో ఇదే టెన్షన్ నేనూ పడ్డాను.

ఇంజనీరింగ్ దాకా వెళ్లాలనుకుంటే మూడు దారులూ ఆరేళ్లే. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడు, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరితే బీటెక్ మూడు. ట్రిపుల్ ఐటీలో, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఆర్జీయూకేటీలో, పీయూసీ (అక్కడి ఇంటర్) రెండు, బీటెక్ నాలుగు. కాబట్టి "పాలిటెక్నిక్‌లో చేరితే టైమ్ వేస్టు" అనే మాట వినకండి.

నాకు తేడా కనిపించేది ఇంకోచోట. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే ఆ నాలుగు నెలలో, ఎనిమిది నెలలో ఎవరు మొయ్యాలి?

2008 నుంచి ఈ పథకం ఏదో ఒక పేరుతో నడుస్తూనే ఉంది. మధ్యలో కొన్నాళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, ఇప్పుడు మళ్లీ కాలేజీకే అంటున్నారు. ఎవరి ఖాతాలో వేసినా ఆలస్యం ఆలస్యమే. మా వీధి అమ్మాయికి ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కన్వీనర్ కోటా సీటే, అంటే ర్యాంకు మీద ప్రభుత్వం ఇచ్చే సీటే వచ్చింది, ప్రైవేటు కాలేజీ, పేరెందుకు గానీ. సెమిస్టర్ పరీక్షలకి రెండ్రోజుల ముందు "ప్రస్తుతానికి మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం, కట్టకపోతే హాల్ టికెట్ లేదు" అన్నారట. వాళ్లమ్మ నా పక్క కుర్చీలో కూర్చుని రీయింబర్స్‌మెంట్ స్టేటస్ మళ్లీ మళ్లీ తియ్యమంటుంది. తీసిన ప్రతిసారీ "అర్హులు" అనే వస్తోంది. ఆవిడ చెవికి దిద్దులు లేవని నేను అప్పుడే చూశాను.

దీనికి తోడు మా పేటకి ఇంకో తిప్పలుంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ 61 రోజులు మా బావలాంటి కళాసీలకి బోటు మీద పనుండదు, సరిగ్గా అప్లికేషన్లూ కౌన్సెలింగ్ మొదలయ్యేదీ అప్పుడే. నిషేధం సాయం 2025లో 20 వేలు చేశారు, మంచిదే, కానీ అది చేతికొచ్చేసరికి పాత అప్పు గుమ్మంలో నిలబడి ఉంటుంది.

ఇప్పుడు పాలిటెక్నిక్ చూడండి. ప్రభుత్వ కాలేజీలో ఏడాది ఫీజు 4,700. రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొచ్చినా సరే, ఆ మొత్తం ఎవరినో ఒకరిని అడిగి సర్దుకోవచ్చు. కంచరపాలెం కాలేజీకి బస్ పాస్ తీసుకుంటే హాస్టల్ ఖర్చు కూడా లేదు. మూడేళ్లయ్యాక బీటెక్ కుదరకపోయినా డిప్లొమా చేతిలో ఉంటుంది, గాజువాక, పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో పని వెతుక్కోవచ్చు. మధ్యలో ఆపేస్తే మాత్రం మిగిలేది పదో తరగతే, అది దాచను. ఇంకోటి, మొదటి ఏడాది ఎమ్‌వన్, అదే లెక్కల పేపరు, తెలుగు మీడియం పిల్లల్ని బాగా తిప్పలు పెడుతుంది.

ట్రిపుల్ ఐటీ సీటొస్తే నేను అడ్డం చెప్పను. చదువు, హాస్టల్, తిండి అన్నీ అక్కడే. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. జెడ్పీ, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకి 4 శాతం కలుపుతారు, అది న్యాయమైన పని. కానీ గురుకులం లాంటి రెసిడెన్షియల్ బడి పిల్లలకి అది రాదు, ఈ సంగతి తెలియక చాలామంది ఆశ పెట్టుకుంటారు. సీటు శ్రీకాకుళంలోనే వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు, నూజివీడు, ఒంగోలు, ఇడుపులపాయ, ఏదైనా రావచ్చు. రెండేళ్లకి బయటికొచ్చేసినా పీయూసీ ఇంటర్‌తో సమానమే, అది కలిసొచ్చే విషయం.

ఇంటర్ అయితే గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో వెయ్యండి. అప్పు చేసి కార్పొరేట్ కాలేజీలో వెయ్యడం మాత్రం నాకు నచ్చదు, పిల్లాడు ఎంసెట్ రాసేలోపే ఇల్లు వడ్డీల్లో పడుతుంది. డాక్టర్ అవ్వాలనుంటే ఇంటర్ తప్పదు, అది వేరే లెక్క.

డిగ్రీ అంటారా, మద్దిలపాలెంలో కృష్ణా కాలేజీ ఉంది, బాగానే ఉంటుంది. ఐటీఐ అంటారా, అది చదువు మీద ఆసక్తి లేని పిల్లలకి. ఓపెన్ యూనివర్సిటీ గురించి ఉద్యోగంలో చేరాక ఆలోచించండి.

ఒక్క జాగ్రత్త. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ అప్లికేషన్ గడువు పదో తరగతి రిజల్ట్స్ కంటే ముందే అయిపోతుంటుంది. ట్రిపుల్ ఐటీ వస్తుందిలే అని ఊరుకుంటే రెండూ పోతాయి. పాలిసెట్ ఫీజు బీసీ, ఓసీలకి 400, ఎస్సీ, ఎస్టీలకి 100, అంతే కదా, వేసి పడెయ్యండి. మా సెంటర్‌కి వచ్చేటప్పుడు క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లూ, ఓటీపీ వచ్చే ఫోనూ తెచ్చుకోండి. ఫోన్ బోటు మీద వాళ్ల నాన్న దగ్గరుందంటే నేనేం చెయ్యలేను.

మా మేనల్లుడికి ట్రిపుల్ ఐటీ లిస్టులో పేరు రాలేదు. రెండ్రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు కంచరపాలెంలో మెకానికల్. మిగతావన్నీ పాసయ్యాడు గానీ ఎమ్‌వన్ ఉండిపోయింది, సాయంత్రం నెట్ సెంటర్ మూసే వేళకి పుస్తకం పట్టుకుని వస్తాడు, "మావయ్యా, ఇది నీకొచ్చా?" అని. నాకూ రాదు.