రైలు లైను పెంచేముందు జనాన్ని అడగాలా, వద్దా? కాల్‌ట్రైన్, ఎంఎంటీఎస్, ముంబై లోకల్: ఏ పద్ధతి మేలు?

మొన్న ఫోన్లో మా బావ ఒక మాట అన్నాడు. ఆయన ఉండేది హైదరాబాద్ పక్కన మేడ్చల్ దగ్గర, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎప్పుడొస్తుందా అని పదేళ్ళు ఎదురుచూసిన బాపతు. "మీ దగ్గర రైలు పట్టా పక్కన చెట్టు కొట్టాలన్నా వందల పేజీల రిపోర్టు రాయాలట, ఊళ్ళో అందర్నీ అడగాలట, ఆ పైన కోర్టు. మన దగ్గర ఆ గోల లేకపోవడమే నయం" అన్నాడు.

నేను రోజూ కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కాల్‌ట్రైన్ అనే లోకల్ రైలు ఎక్కేవాణ్ణి. అంతకుముందు లింగంపల్లి నుంచి బేగంపేటకి ఎంఎంటీఎస్‌లో నిలబడి వెళ్ళినవాణ్ణి. అందుకని ఊరుకోలేక ఒక లెక్క చెప్పాను. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసే దాకా 51 మైళ్ళ కాల్‌ట్రైన్ లైనుకి కరెంటు తీగలు వేసే పని మీద ముసాయిదా పర్యావరణ నివేదిక 2014లో బయటికొచ్చింది, పూర్తిస్థాయి కరెంటు రైళ్ళు 2024 సెప్టెంబరులో నడిచాయి. పదేళ్ళు. ఎంఎంటీఎస్ రెండో దశ 2012–13లో మంజూరైంది, మేడ్చల్ రైలుకి ప్రధాని జెండా ఊపింది 2023 ఏప్రిల్ 8న, మౌలాలి–సనత్‌నగర్ ముక్క 2024 మార్చిలో. అదీ పదేళ్ళే, ఇంకాస్త ఎక్కువే. పర్యావరణ నివేదిక ఒక్క పేజీ కూడా అక్కర్లేని పనికి పదేళ్ళు ఎందుకు పట్టింది బావా అంటే కాసేపు అటునుంచి చప్పుడు లేదు.

కాబట్టి "అడిగితే ఆలస్యం, అడక్కపోతే తొందర" అనే వాదన పక్కన పెట్టేద్దాం. ఎంఎంటీఎస్ ఆగింది చెట్ల వల్ల కాదు. సుమారు 817 కోట్ల పనిలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలన్న ఒప్పందం, ఆ డబ్బు ఎప్పుడెంత వస్తుందన్న లాగుడు, మధ్యలో రక్షణ శాఖ భూమి, వీటి దగ్గర ఆగింది. ఇక తేల్చుకోవాల్సింది వేరే: ఏ పద్ధతిలో ఎవర్ని అడుగుతారు, అడిగాక జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీద ఉంటుంది.

కాలిఫోర్నియా పద్ధతి

ఇక్కడి పర్యావరణ చట్టాన్ని (కాలిఫోర్నియా ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ యాక్ట్) అందరూ సీక్వా అంటారు. 1970లో వచ్చింది, సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. ప్రభుత్వ సంస్థ ఏదైనా పెద్ద పని తలపెడితే దాని వల్ల గాలి, నీళ్ళు, చప్పుడు, చెట్లు, ట్రాఫిక్, పాత కట్టడాలు వీటికేమవుతుందో ముందే రాయాలి. ముసాయిదా జనం ముందు పెట్టాలి, మామూలుగా కనీసం 45 రోజులు. మీరు ఆ ఊరివాళ్ళు కానక్కర్లేదు, పక్కన ఇల్లు ఉండనక్కర్లేదు, పౌరసత్వం ఎవరూ అడగరు, వీసా మీద ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు. (మనవాళ్ళు రాయరు. "మనకెందుకులే, గ్రీన్‌కార్డు గొడవలో మనం ఉంటే" అంటారు. దానికీ దీనికీ సంబంధమే లేదు.)

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తుది నివేదికలో అచ్చు వేస్తారు. ఉత్తరంలోని ఒక్కో అంశం పక్కన మార్జిన్‌లో ఒక నంబరు, వెనక పేజీల్లో అదే నంబరుతో జవాబు. "గేటు ఇప్పటికన్నా ఎంతసేపు ఎక్కువ మూసి ఉంటుంది?" అని ఒక పెద్దాయన రాస్తే దానికి లెక్కలు వేసి చెప్పాల్సిందే. పర్యావరణానికి సంబంధం లేని మాట రాస్తే "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అని ఒక్క లైనుతో దులిపేస్తారు, అదీ నిజమే. కానీ అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు రెండూ పక్కపక్కన రికార్డులో ఉండిపోతాయి, ఏళ్ళ తర్వాత కూడా తీసి చూపించొచ్చు.

దీనివల్ల పని మారిన సందర్భం కూడా ఉంది. హైస్పీడ్ రైలుని ఇదే దారిలో తెద్దామనుకున్నప్పుడు మొదటి ఆలోచన నాలుగు లైన్లు, చాలాచోట్ల ఎత్తు మీద. పట్టా పక్క ఊళ్ళు ఊరుకోలేదు. నివేదికల మీద కేసులు పడ్డాయి, 2009లో కోర్టు ఒక నివేదికలో లోపాలున్నాయి, సరిచేయమంది. 2011లో ఆ ప్రాంతపు ప్రజాప్రతినిధులు ముగ్గురు కలిసి మధ్యేమార్గం ప్రతిపాదించారు: చాలామటుకు ఉన్న రెండు లైన్లనే కాల్‌ట్రైన్, హైస్పీడ్ పంచుకోవాలి. చివరికి అదే నిలిచింది. ఇళ్ళు మిగిలాయి, గోడలాంటి వంతెన తప్పింది. అయితే నాలుగు లైన్లు ఉంటే లోకల్‌ని దాటుకుని ఎన్ని ఎక్స్‌ప్రెస్‌లు పోయేవో అన్న బాధ నాలాంటి ప్రయాణికుడికి ఉంది. ఉత్తరాలు రాసినవాళ్ళలో ఇళ్ళున్నవాళ్ళు ఎక్కువ, రైలెక్కేవాళ్ళు తక్కువ, రాయని వాళ్ళ లెక్క ఎవరూ వేయరు.

ఇక ఆథర్టన్ సంగతి. ఏడు వేల జనాభా ఉండే ఊరు, అమెరికాలో అత్యంత ధనికుల పిన్‌కోడ్ అంటే ముందు వినపడే పేర్లలో ఒకటి. 2015 జనవరిలో కాల్‌ట్రైన్ బోర్డు తుది నివేదికని ఆమోదించింది, మరుసటి నెలకే ఆథర్టన్ కేసు వేసింది. వీళ్ళ వాదన, హైస్పీడ్ రైలుతో కలిపి మొత్తం ప్రభావం చూడలేదని. ఊళ్ళో పట్టా పక్కనున్న చెట్లు, స్తంభాల బెంగ ఎలాగూ ఉంది. 2016లో ఓడిపోయింది. ఆ ఊరి స్టేషన్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా రైలు ఆగడం 2005లోనే మానేసింది, 2020 చివర్లో స్టేషనే మూసేశారు. రైలెక్కని ఊరు, రైలెక్కేవాళ్ళందరి పనినీ ఏడాదిన్నర కోర్టులో లాగింది. డబ్బున్నవాళ్ళ చేతిలో ఈ చట్టం ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంతకన్నా ఏం కావాలి!

ఇంకో వింత. చాలాకాలం పాటు ఇక్కడ కార్లు సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగడాన్ని పర్యావరణ నష్టం కింద లెక్కేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకిల్ దారులు గీయడానికి నివేదిక సరిగా రాయలేదని 2006లో కోర్టు ఆపేస్తే 2010 దాకా ఆ పథకం కదల్లేదు. సైకిల్ వల్ల పర్యావరణానికి హానా అని నవ్వొస్తుంది, కానీ చట్టం అలా చదివారు. 2013లో చట్టం మార్చి, కార్ల ఆలస్యం బదులు కార్లు తిరిగే మైళ్ళు లెక్కేయాలన్నారు. అది అంతటా అమలయ్యేసరికి 2020. అదే ఏడాది బస్సు దారులు, సైకిల్ దారులు, లైట్ రైలు లాంటి వాటికి సీక్వా నుంచి మినహాయింపు ఇస్తూ ఇంకో చట్టం చేశారు, పెద్ద పనులైతే బహిరంగ సభలు మాత్రం పెట్టాలన్న షరతుతో. వాడుకలో ఉన్న పట్టాల మీద రైళ్ళ సర్వీసు పెంచడానికి మినహాయింపు అంతకు చాలా ముందునుంచే ఉంది. అంటే ఇక్కడివాళ్ళకే ఈ చట్టం బరువు తెలిసొచ్చి, తలుపులు ఒక్కోటీ తీస్తున్నారు.

మన పద్ధతి

మనకీ పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఉంది, 2006 సెప్టెంబరు 14 నాటిది. దాని జాబితాలో విమానాశ్రయాలున్నాయి, ఓడరేవులున్నాయి, హైవేలున్నాయి, కొండల మీది రోప్‌వేలు సైతం ఉన్నాయి. రైల్వే లైన్లు లేవు. అందువల్ల కలెక్టర్ అధ్యక్షతన షామియానా వేసి, వీడియో తీస్తూ చేసే ప్రజాభిప్రాయ సేకరణ రైలు లైనుకి జరగదు. అడవి భూమి తగిలితే అటవీ అనుమతి, చెట్లు కొట్టాలంటే మన తెలుగు రాష్ట్రాల్లో వాల్టా (నీళ్ళు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి, అంతే. అవి ఆఫీసుకీ ఆఫీసుకీ మధ్య నడిచే కాగితాలు.

మరి జనాన్ని ఎక్కడ అడుగుతారు? భూసేకరణలో. 2008లో రైల్వే చట్టాన్ని సవరించి, ప్రత్యేక ప్రాజెక్టుగా ప్రకటించిన పనులకి భూమి తీసుకునే దారి పెట్టారు. నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు. చెప్పగలిగేది ఆ భూమిలో హక్కో ప్రయోజనమో ఉన్నవాళ్ళే. మీ ప్రహరీగోడ అవతలి అంగుళం దాకా తీసుకుని మీ గోడ వదిలేశారనుకోండి, రాత్రి పన్నెండుకి గూడ్సు పోతుంటే పడగ్గది అదిరే సంగతి చెప్పుకోవడానికి అందులో మీకు చోటు లేదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా, దాని మీద బహిరంగ విచారణ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ రైల్వే చట్టాన్ని నాలుగో షెడ్యూలులో పెట్టి ఆ అంచనా నుంచి తప్పించారు. పరిహారం నిబంధనలు మాత్రం 2015 నుంచి వర్తింపజేశారు. అంటే డబ్బు దగ్గర న్యాయం కొంత జరిగింది, మాట దగ్గర జరగలేదు.

ప్రయాణికుడి పరిస్థితి ఇంకా విచిత్రం. డివిజన్ స్థాయిలో, జోన్ స్థాయిలో ప్రయాణికుల సంప్రదింపు కమిటీలుంటాయి, సభ్యుల్ని నామినేట్ చేస్తారు. ఎంఎంటీఎస్ కొత్త లైను ఎటు వేస్తే మేలు, మేడ్చల్ నుంచి ఉదయం ఎనిమిదికి రైలుంటే ఎంతమంది ఎక్కుతారు అని లైను వేయకముందు మా బావని అడిగినవాళ్ళు లేరు. లైను వేశాక వేళలు కుదరక ఆయన మళ్ళీ బస్సెక్కుతున్నాడు. ముందే అడిగి ఉంటే పట్టా ఖర్చు తగ్గేది కాదేమో గానీ, రైలు వేళ మారేది.

ఒకచోట అభ్యంతరాలు రాసే అవకాశం ఉండీ ఏమైందో కూడా చూశాం. ముంబైలో మెట్రో షెడ్డు కోసం ఆరే కాలనీ చెట్లు కొట్టే విషయంలో వేలకొద్దీ అభ్యంతరాలు వెళ్ళాయి. 2019 అక్టోబరు 4న హైకోర్టు పిటిషన్లు కొట్టేసింది, ఆ రాత్రే రంపాలు మొదలయ్యాయి. 7న సుప్రీంకోర్టు ఆపమనేసరికి రెండు వేలకు పైగా చెట్లు పోయాయి. మెట్రో మంచిదే, నేనూ ఒప్పుకుంటా. కానీ రాసినవాళ్ళకి ఒక్కో ప్రశ్నకీ జవాబు అచ్చేసి ఇచ్చి ఉంటే ఆ రాత్రి అంతమంది అక్కడికి పరుగెత్తేవాళ్ళు కాదనుకుంటా.

అప్పిచ్చినవాడి పద్ధతి

ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ముంబై లోకల్ లైన్లు పెంచడానికి, రోడ్లకీ కలిపి 2002లో ప్రపంచ బ్యాంకు 54 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. దాదాపు లక్షా ఇరవై వేలమందిని కదిలించాల్సిన పని, వాళ్ళలో చాలామంది పట్టాలకి అడుగుల దూరంలో గుడిసెల్లో ఉన్నవాళ్ళు. మన చట్టం ప్రకారం వాళ్ళది ఆక్రమణ, అభ్యంతరం చెప్పే హక్కే లేదు. బ్యాంకు నిబంధన ప్రకారం భూమి కాగితం లేకపోయినా పునరావాసం ఇవ్వాలి. అందుకని గుడిసె గుడిసెకీ సర్వే, 225 చదరపు అడుగుల ఇల్లు. భూమి కాగితం లేనివాడికి మాట ఇచ్చింది ఈ మూడింట్లో ఇదొక్కటే, అది మర్చిపోకూడదు.

అలాగని అంతా సవ్యంగా జరగలేదు. దుకాణదారులు, నివాసులు 2004లో బ్యాంకు తనిఖీ సంఘానికి ఫిర్యాదు చేశారు: మా బేరాలు పోయాయి, పంపిన చోట నీళ్ళు సరిగా లేవు, మమ్మల్ని అడగలేదు అని. సంఘం తప్పులు ఎత్తిచూపింది. 2006 మార్చిలో బ్యాంకు రోడ్ల పనికీ పునరావాసానికీ డబ్బు ఆపింది, జూన్‌లో మళ్ళీ వదిలింది. నాలుగు నెలలు డబ్బు ఆగితే ఆఫీసుల్లో వచ్చే కదలిక, మూడేళ్ళ అర్జీలకి రాదు. లోపం ఏమిటంటే ఆ హక్కు అప్పుతో వచ్చి అప్పుతోనే పోతుంది. రేపు అదే లైను సొంత డబ్బుతో పెంచితే అదే గుడిసెవాడికి ఆ తలుపు మూత. పైగా కుర్లాలో నీళ్ళు రావట్లేదని వాషింగ్టన్‌కి రాసుకోవడం ఏం ముచ్చట!

మరి ఏది?

నన్నడిగితే ఉన్న పట్టాల పక్కనే ఇంకో లైను వేయడం, తీగలు లాగడం, స్టేషన్ పొడిగించడం లాంటి పనులకి కాలిఫోర్నియా మొత్తం తంతు వద్దు. నిజానికి ఎక్కువ రైళ్ళంటే తక్కువ కార్లు, దానికే ఏళ్ళకేళ్ళు పరీక్ష పెట్టడం అన్యాయం. కానీ ఒక్కటి మాత్రం అక్కణ్ణుంచి తెచ్చుకోవాలి: ఎవరైనా రాయొచ్చు, రాసిన ప్రతి అంశానికీ నంబరు వేసి జవాబు అచ్చేయాలి. 45 రోజులు చాలు. ఇళ్ళు కదిలించే పని అయితే ముంబై సర్వే పద్ధతి, అప్పు ఉన్నా లేకపోయినా. పొలాల మీదుగా, చెరువుల మీదుగా కొత్త దారి వేస్తే మాత్రం పూర్తి నివేదిక రాయాల్సిందే. హైదరాబాద్ చుట్టూ చెరువుల గతి చూశాక ఇంకెలా అనగలం.

కోర్టు సంగతి నాకు తేలలేదు. ఆథర్టన్‌ని చూస్తే కేసులు బంద్ చేయాలనిపిస్తుంది, ఆరేని చూస్తే కోర్టు ఇంకో మూడు రోజులు ముందు పలికి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇదంతా విని బావ, "సరేగానీ, ఉదయం ఎనిమిది గంటల రైలు గురించి ఇప్పుడు ఎవరికి రాయాలి?" అన్నాడు. డివిజనల్ మేనేజర్‌కి రాయి, కాపీ ఎంపీకి పంపు, రసీదు దాచుకో అన్నాను. జవాబు వస్తుందా అన్నాడు. రావాలన్న రూలు లేదు బావా అన్నాను.