స్మార్ట్ కాటా చూపించే ‘మజిల్’ అంకె: అన్నం మానేసినవాళ్లు ఎంతవరకు నమ్మొచ్చు?

లో-కార్బ్ (అన్నం, చపాతీ లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించే డైట్) మొదలుపెట్టిన పదో రోజున స్మార్ట్ కాటా యాప్ తెరిస్తే ఇలా కనిపిస్తుంది: బరువు 3.1 కిలోలు తగ్గింది, అందులో మజిల్ 1.9 కిలోలు. కొవ్వు కరుగుతుందనుకుంటే కండ పోతోందేమిటని చాలామంది అక్కడే బెదిరిపోతారు. కొందరు ఆ సాయంత్రమే కుక్కర్ పెట్టేస్తారు కూడా. ఆ 1.9 కిలోల్లో చాలా భాగం ఒంట్లోంచి పోయిన నీళ్లే. ఈ కాటాల గురించి చెప్పాల్సిందంతా ఆ ఒక్క అంకె చుట్టూనే ఉంది.

మార్కెట్లో రెండు రకాలున్నాయి. షావోమీ బాడీ కాంపోజిషన్ స్కేల్ 2 లాంటివి పాదాల కింద మాత్రమే లోహపు పలకలున్నవి. నాలుగు సన్న సెల్స్ వేసి బ్లూటూత్‌తో జెప్ లైఫ్ యాప్‌కి కలిపితే చాలు, 150 కిలోల దాకా తూస్తుంది. ఓమ్రాన్ హెచ్‌బీఎఫ్-375 లాంటివి రెండో రకం. వీటికి చేత్తో పట్టుకునే పిడి కూడా ఉంటుంది, 135 కిలోల దాకా తూస్తాయి. ఈ మోడల్‌కి యాప్ లేదు, అంకెలు పిడి మీదే కనబడతాయి, పుస్తకంలో మీరే రాసుకోవాలి.

రెండింటి పనితీరూ ఒకటే. ఒంట్లోకి మనకు తెలియనంత చిన్న కరెంటు పంపి, అది ఎంత కష్టంగా వెళ్లిందో కొలుస్తాయి. నీళ్లున్న కండలో సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. కాటా నిజంగా కొలిచేవి బరువూ, ఆ అడ్డూ మాత్రమే. మిగతా పది పన్నెండు అంకెలు మీరిచ్చిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్నవాటితో ఫార్ములా కట్టినవి. నమ్మకం లేకపోతే ప్రొఫైల్‌లో ఎత్తు 172 బదులు 178 అని మార్చి మళ్లీ ఎక్కి చూడండి. నిమిషంలో మజిల్ అంకె మారిపోతుంది. పైగా పాదాల రకంలో కరెంటు ఒక కాలెక్కి నడుము కింద నుంచి రెండో కాల్లోకి దిగిపోతుంది. చేతులు, ఛాతీ, పొట్ట దాకా వెళ్లదు. పొట్ట తగ్గిందా లేదా అన్నది ఆ కాటాకి ఊహే. పిడి ఉన్న రకం ఈ విషయంలో కచ్చితంగా మేలు.

ఇంకో తికమక పేరులో ఉంది. 72 కిలోల మగమనిషికి ఒక యాప్ మజిల్ 53 కిలోలని చూపిస్తే, పిడి ఉన్న కాటా 33 శాతం, అంటే 24 కిలోల లోపే అంటుంది. మొదటిది బరువులోంచి కొవ్వునీ ఎముకల్నీ తీసేసి, గుండె, కాలేయం, రక్తం, నీళ్లు అన్నిటినీ ‘మజిల్’ అనేస్తుంది. రెండోది ఎముకల్ని పట్టుకుని ఉండే కండను మాత్రమే లెక్కిస్తుంది. ఒక కాటా మానేసి ఇంకోటి కొన్నవాళ్లు పాత అంకెతో పోల్చుకోకూడదు.

ఇక ఆ 1.9 కిలోల సంగతి. కండల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా అర కిలో దాకా నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముతోనూ సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం, చపాతీ, ఇడ్లీ ఆపేస్తే ఆ నిల్వ తరుగుతుంది, దానితో నీళ్లూ పోతాయి. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పుని ఎక్కువగా వదిలేస్తాయి, దాని వెంట మరికొంత నీరు. కొవ్వూ ఎముకా కానిదంతా ఇలాంటి యాప్ ఫార్ములాకి మజిలే కాబట్టి ఈ నష్టమంతా ఆ పద్దులో పడుతుంది. ఆదివారం బిర్యానీ తిని సోమవారం ఎక్కితే ‘కిలో కండ పెరిగింది’ అనడమూ ఇదే లెక్క. క్రియాటిన్ (జిమ్‌కి వెళ్లేవాళ్లు తీసుకునే సప్లిమెంట్) వాడేవాళ్లకీ అంతే, అది కండలోకి నీటిని లాగుతుంది. డెక్సా స్కాన్ (ఎక్స్-రేతో ఒంట్లో కొవ్వునీ ఎముకల్నీ విడివిడిగా కొలిచే పరీక్ష) కూడా దీనికి అతీతం కాదు, నీటిని కొవ్వులేని ద్రవ్యంలోనే కలిపేస్తుంది. అందుకే స్కాన్ అయినా, కాటా అయినా మొదటి కొలతగా డైట్ మొదలైన రెండు మూడు వారాల తర్వాతి అంకెనే తీసుకోవాలి.

మరి నిజంగా కండ పోతోందా అన్నది ఎలా తెలుస్తుంది? జిమ్ నోట్‌బుక్కే దీనికి మంచి పరికరం. బరువు తగ్గుతున్నా 40 కిలోల స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీ) 8 సార్లు చేయగలిగినవాళ్లు ఇప్పటికీ అదే చేస్తుంటే కండ ఎక్కడికీ పోలేదు. మొదటి వారం నీరసంగా ఉండి ఆ ఎనిమిదిలో రెండు సార్లు తగ్గితే ముందు ఉప్పు చూసుకోండి. పల్చటి మజ్జిగలో అర టీస్పూన్ ఉప్పు కలుపుకుని తాగితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. (బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లూ, షుగర్ మందులు వాడేవాళ్లూ అసలు ఈ డైటే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.) మూడు నాలుగు వారాల తర్వాత కూడా ఎత్తే బరువు దిగుతూ ఉంటే, నడుము చుట్టుకొలత తగ్గకుండా తొడ, జబ్బ చుట్టుకొలతలే తగ్గుతుంటే, అప్పుడు భయపడాలి.

అలా జరగడానికి మామూలుగా ఉండే కారణం ప్రోటీన్ చాలకపోవడం. మన రాష్ట్రాల్లో బాగా పాకిన వీరమాచనేని రామకృష్ణ లో-కార్బ్ పద్ధతిలో నాలుగు స్తంభాలంటారు. కొవ్వుకి 70 నుంచి 100 గ్రాములని లెక్కుంది, నీళ్లకి లీటర్ల లెక్కుంది, నిమ్మకాయలకీ లెక్కుంది. ప్రోటీన్‌కి గ్రాముల లెక్క ఆ నాలుగింట్లో లేదు. బరువు తగ్గే రోజుల్లో కండ నిలవాలంటే కిలో ఒంటికి 1.6 నుంచి 2.2 గ్రాములు కావాలి. 72 కిలోల మనిషికి కనీసం 115 గ్రాములు. నాలుగు గుడ్లు 24, బోన్‌లెస్ చికెన్ పచ్చిది పావు కిలో 55, పనీర్ 100 గ్రాములు 18, వే పౌడర్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి) ఒక స్కూప్ 24, మొత్తం 121. శాకాహారులు మీల్ మేకర్ మీద పడతారు గానీ 100 గ్రాముల పొడి మీల్ మేకర్‌లో ప్రోటీన్ 52 గ్రాములుంటే పిండిపదార్థం కూడా 30 దాటుతుంది. పొడి మీల్ మేకర్ రోజుకి 30 గ్రాముల దగ్గర ఆపాలి. కందిపప్పుతో అయితే ఈ లెక్క అసలు కుదరదు. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తకుండా ప్రోటీన్ ఒక్కటే తిన్నా సగం పనే అవుతుంది. బరువు తగ్గే వేగం వారానికి ఒంటి బరువులో ఒక శాతం దాటకూడదు.

కాటా వాడే తీరులోనూ తప్పులు జరుగుతాయి. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, నీళ్లు తాగకముందు ఎక్కాలి. మ్యాట్ మీద పెట్టొద్దు, గట్టి నేల ఉండాలి. మడమలు పగిలి ఎండిపోయి ఉంటే కరెంటుకి అడ్డు పెరిగి కొవ్వు ఎక్కువ చూపిస్తుంది, పాదాలు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఎక్కితే చాలు. రోజువారీ అంకె మీద వాదన పెట్టుకోకుండా ఏడు రోజుల సగటు రాసుకోండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ కాటాలు ఎక్కకూడదు. గర్భిణులకి ఆ కొవ్వు శాతం అంకెలు పనికిరావు.

మా అభిప్రాయం: బరువు చూసుకోవడానికి, నెలల తరబడి కొవ్వు శాతం ఎటు వెళ్తోందో చూసుకోవడానికి పాదాల రకం చాలు. కండ లెక్క కోసమే అయితే దానికి డబ్బు పెట్టొద్దు. ఇంట్లో మామూలు కాటా ఉంటే టైలర్ టేపు ఒకటి కొనుక్కోండి. యాప్ అక్కర్లేదు, అంకె కాస్త మెరుగ్గా ఉండాలి అనుకునేవాళ్లు పిడి ఉన్నది తీసుకోవచ్చు.

ఏది కొన్నా వాపసు గడువు లోపల రెండు పరీక్షలు చేయండి. మొదటిది, ఇంట్లో ఉన్న బియ్యం మూట (మీరు తినకపోయినా ఇంట్లోవాళ్లు తింటారు కదా) మూడుసార్లు పెట్టి తీయండి. 100 గ్రాములకి మించి తేడా రాకూడదు. రెండోది చాలామందికి తెలియదు. కాటా ఎక్కి దిగి, వెంటనే అర లీటరు నీళ్ల సీసా చేత్తో పట్టుకుని మళ్లీ ఎక్కండి. కొన్ని చవక కాటాలు అంకె నిలకడగా కనిపించాలని, దగ్గరి బరువు వస్తే పాత అంకెనే మళ్లీ చూపిస్తాయి. అర కిలో పెరగకుండా అదే అంకె వచ్చిందంటే ఆ కాటా కొలవడం లేదు, గుర్తుపెట్టుకుని చెబుతోంది. దాన్ని తిరిగి ఇచ్చేయండి.