నల్లగొండ నీళ్లు, కార్డిలైన్ మొక్క: ఏళ్ల తరబడి పెంచాక నా మాట

రంగురంగుల ఆకుల కోసం పెంచే కార్డిలైన్ అందమైన మొక్కే. కానీ బోరు నీళ్లు తప్ప వేరే దిక్కులేని ఇంటికైతే నేను కొనమని చెప్పను. ఎండ, పురుగు, తెగులు, వీటన్నిటికంటే మా నల్లగొండలో ఈ మొక్కను ఎక్కువగా పాడుచేసేది నీళ్లే, వాటిలోని ఫ్లోరైడే.

మా వరండాలో రెడ్ సిస్టర్, చాకొలేట్ క్వీన్, కివి రకాలు ఉన్నాయి. రంగుకు వంక పెట్టలేం. పూలు లేకపోయినా ఏడాది పొడుగునా కళగా ఉండే మొక్కలు తక్కువ, అందులో ఇదొకటి. నర్సరీలో దీన్నే చాలామంది ఎర్ర డ్రసీనా అని అమ్ముతారు. అనుమానముంటే వేరు గీరి చూడండి, కార్డిలైన్‌కు తెల్లగా ఉంటుంది, డ్రసీనాకు పసుపో నారింజ రంగో కనిపిస్తుంది. ఏదైనా నీళ్ల విషయంలో రెండింటి బాధా ఒకటే.

ఆ బాధ ఆకు కొస నుంచి మొదలవుతుంది. ముందు కొస గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత అంచుల వెంట కిందికి పాకుతుంది. ముదురు ఆకుల్లో ఎక్కువ, లేత ఆకుల్లో తక్కువ. ‘కుండీల మొక్కనే కదన్నా, బోరు నీళ్లకు ఏమైతది’ అని నర్సరీ అతను అంటాడు. గులాబీకి, మందారానికి మా బోరు నీళ్లతో నిజంగానే ఏమీ కాలేదు. కార్డిలైన్, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ మాత్రం ఫ్లోరైడ్‌ను ఓర్చుకోలేవు. మా కింద ఉన్న గ్రానైట్ రాళ్ల నుంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడ్‌ను వేరు పీల్చుకుంటుంది. అది ఆకు చివరిదాకా పోతుంది, నీరు ఆవిరైపోతుంది, అది అక్కడే పేరుకుంటుంది. తాగే నీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. ఈ మొక్కకు అంతకంటే తక్కువే అయినా రోజూ పోస్తే మచ్చ పడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పనులు కొన్ని అసలు పనిచేయవు. నీళ్లు రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోస్తారు. బోరు నీళ్లు పట్టే మిషన్‌లో ఫ్లోరైడ్, ఉప్పులు అన్నీ చేరేది ఆ వదిలే నీళ్లలోకే, వాటితో వాకిలి కడుక్కోవచ్చు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, దాన్ని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) తయారుచేసింది. కానీ నీళ్లను పరీక్షించి మోతాదు కట్టాలి. నాలుగు కుండీల కోసం అంత తతంగం దండగ.

నాకు పనిచేసినవి వాననీళ్లు, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు. డాబా గొట్టం కింద డ్రమ్ము పెట్టి మూతకు దోమల వల కట్టాను. నీళ్లు మార్చాక పాత మచ్చలు పోతాయని ఎదురుచూడొద్దు, మాడిన చోట మళ్లీ రంగు రాదు. కొత్తగా విచ్చే ఆకు శుభ్రంగా వస్తుందా అని చూడాలి. కొసలు కత్తిరించేటప్పుడు సన్నటి గోధుమ అంచు వదిలేయండి, పచ్చి భాగం కోస్తే మళ్లీ అక్కడి నుంచే ఎండుతుంది. ఎరువుల్లో సూపర్ ఫాస్ఫేట్ పూర్తిగా మానేయండి, దానిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. కుండీ మిశ్రమంలో కలిపే తెల్లటి తేలిక గుళికలు, పెర్లైట్‌లో కూడా ఉంటుంది. నేను చెల్క మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్, కాస్త ఇసుకతో సరిపెడుతున్నాను.

అయితే ప్రతి మచ్చనూ నీళ్ల మీదికి నెట్టొద్దు. ఎండ తగిలే వైపున, ఆకు మధ్యలో, గడ్డిరంగు పెద్ద మరకలు వస్తే అది ఏప్రిల్, మే ఎండ. పడమటి గోడ పక్క నుంచి జరిపితే చాలు. మరీ చీకట్లో పెడితే రంగు వెలిసి ఆకుపచ్చకు తిరుగుతుంది. పొద్దుటి లేత ఎండ దీనికి బాగా నప్పుతుంది. కుండీ అంచున తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకున్నట్టు, వాననీళ్లు ధారాళంగా పోసి అడుగు నుంచి పారనివ్వాలి. అడుగు ఆకు ఒకటీ అరా పసుపెక్కి రాలడం మామూలే, దానికి మందు కొట్టకండి.

ఎండకాలంలో ఆకు వెనక సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన పసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. ముందు నీళ్ల ధారతో ఆకు అడుగు కడగాలి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రవం కలిపి పొద్దుగూకాక కొట్టాలి. మిట్టమధ్యాహ్నం కొడితే నల్లి కంటే ముందు ఆకే మాడుతుంది. కాండం మీద చీమల వరుస కనిపిస్తే ఆకు మొదళ్ల సందుల్లో పిండినల్లి ఉందేమో చూడండి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది.

వానకాలంలో భయపడాల్సింది వేరుకుళ్లుకే. నల్లరేగడితో నింపిన కుండీలో ఇది తొందరగా వస్తుంది. కాండం మొదలు మెత్తబడి వాసన వస్తే కింది భాగం మీద ఆశ వదులుకోండి. పైన గట్టిగా ఉన్న కాండాన్ని జానెడు ముక్కలుగా కోసి, తడి ఇసుకలో గుచ్చితే చిగురిస్తుంది. ఈ విషయంలో మాత్రం కార్డిలైన్ మొండిది, పూర్తిగా పోయిందనుకున్న కుండీ నుంచి కూడా నాకు కొత్త మొక్కలు వచ్చాయి.

మూడింటిలో రెడ్ సిస్టర్, చాకొలేట్ క్వీన్ మా ఇంట్లో నిలబడ్డాయి. కివి ఆకు పలచన, దాని మీద పాలరంగు చారలు, మచ్చ పడితే దూరం నుంచే కనిపిస్తుంది. ఏసీ, డ్రమ్ము రెండూ లేనివాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఏ రకమైనా అందనంత ఎత్తులో పెట్టండి, ఆకులు నమిలితే వాంతులు చేసుకుంటాయి.