చీకటి ఫొటోలను బాగుచేయడంలో డార్క్‌టేబుల్: ఒంటిమిట్ట చిత్రాలతో ఒక పరిశీలన

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం రాత్రి వేళ, పున్నమి వెన్నెల్లో జరుగుతుంది. వేదిక మీద దీపాల వెలుగు ఎంత ఉన్నా, జనం కూర్చున్న చోటికి వచ్చేసరికి ఫొటోలు చీకటిగా వస్తాయి. తరువాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే నీడలన్నీ ఇసుక చల్లినట్టు గరుకుగా తేలతాయి. ఇలాంటి చిత్రాలను బాగుచేసుకోవడానికి నేను వాడుతున్న సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్. ఇది పూర్తిగా ఉచితం. ప్రోగ్రామింగ్ తెలిసిన ఔత్సాహికులు 2009 నుంచి దీన్ని స్వచ్ఛందంగా అభివృద్ధి చేస్తున్నారు. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది.

ఈ గరుకుదనం (ఫొటోగ్రఫీ భాషలో నాయిస్) ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనమూ, దాని హద్దులూ రెండూ అర్థమవుతాయి. చాలామంది కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే తీవ్రతను మార్చే సెట్టింగు) పెంచడమే దీనికి కారణం అనుకుంటారు కానీ, అసలు కారణం వెలుతురు తక్కువగా అందడం. మండపంలో నీడ పడిన రాతి మీద ఒక పిక్సెల్‌కు 100 ఫోటాన్లు (వెలుగు కణాలు) అందితే వాటిలో సహజంగా ఉండే హెచ్చుతగ్గు 10 దాకా ఉంటుంది, అంటే పదో వంతు. దీపం వెలుగు పడిన చోట 10,000 అందితే హెచ్చుతగ్గు 100, అంటే నూరో వంతు మాత్రమే. అందుకే ఒకే ఫొటోలో దీపపు స్తంభం నున్నగానూ, దాని పక్కనున్న మూల గరుకుగానూ కనిపిస్తాయి. ఫొటో మొత్తానికి ఒకే మోతాదులో నాయిస్ తగ్గించే పనిముట్లు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల నీడతో పాటు వెలుగులో ఉన్న చెక్కడాన్ని కూడా చెరిపేస్తాయి.

డార్క్‌టేబుల్‌లోని ‘డీనాయిస్ ప్రొఫైల్డ్’ అనే మాడ్యూల్ (ఒక ప్రత్యేక పనికోసం ఉన్న పనిముట్టు) ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కో కెమెరా మోడల్, ఒక్కో ఐఎస్ఓ దగ్గర, ఎంత వెలుగుకు ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచి తయారుచేసిన వివరాలు ఇందులో ఉంటాయి. ఫొటో తెరవగానే మన కెమెరాకు సరిపోయేవి అదే వెతుక్కుంటుంది. సాయంత్రం చీకటి పడ్డాక ప్రాంగణంలో నిలబడి, ఐఎస్ఓ 6400 దగ్గర తీసిన రంగమండపం చిత్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ముందుగా ఎక్స్‌పోజర్‌ను రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు పెంచాను. స్తంభం మీది శిల్పం కనిపించింది కానీ, దాని వెనుక చీకటిలో ఆకుపచ్చ, వంగపండు రంగుల మచ్చలు కూడా బయటపడ్డాయి. మాడ్యూల్‌ను ‘వేవ్‌లెట్స్’ పద్ధతిలో పెడితే వెలుగుకు ఒక గీత, రంగుకు మరొక గీత వేరువేరుగా దిద్దుకునే వీలుంది. రంగు గీతను బాగా పైకి జరిపి, వెలుగు గీతను కొద్దిగానే కదిపాను. మచ్చలు పూర్తిగా పోయాయి, రాతి గరుకుదనం మాత్రం రాతిలాగే నిలిచింది, శిల్పం చేతి కంకణాల గీతలు విడివిడిగా తెలుస్తున్నాయి. నా మట్టుకు ఈ ఒక్క సౌకర్యం కోసమే ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు. రంగు మచ్చలే కంటికి అసహ్యంగా ఉంటాయి గానీ, నలుపు తెలుపుల సన్నటి గరుకు ఉన్నా పెద్దగా ఇబ్బంది ఉండదు.

నీడలను మాత్రమే లేపి, దీపాల వెలుగును చెదరకుండా ఉంచడానికి ‘టోన్ ఈక్వలైజర్’ ఉపయోగపడుతుంది. అలాగే నాయిస్ తగ్గింపును ఆకాశానికి మాత్రమే పరిమితం చేయాలంటే మాస్క్ (మార్పు వర్తించే భాగానికి హద్దు) గీసుకోవచ్చు. అప్పుడు గోపురం అంచులు మెత్తబడవు. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చిన చిత్రాల్లో అక్కడక్కడా మెరిసే చుక్కలకు ‘హాట్ పిక్సెల్స్’ అనే చిన్న మాడ్యూల్ చాలు.

అయితే ఈ మేలంతా రా ఫైళ్లకే, అంటే కెమెరా సెన్సర్ నమోదు చేసినదాన్ని దిద్దకుండా దాచే ఫైళ్లకే వర్తిస్తుంది. 14 బిట్ల రా ఫైలులో ప్రతి రంగుకూ 16,384 మెట్లుంటే, జేపీఈజీలో 256 మాత్రమే ఉంటాయి. పైగా కెమెరా తన సొంత నాయిస్ తగ్గింపును ముందే చేసేసి ఉంటుంది కనుక కొలిచి పెట్టిన వివరాలు దానికి సరిపోవు. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫొటోను ఇందులో పెట్టి అద్భుతం ఆశించవద్దు. చేయి కదిలి మసకబారినదాన్నీ, దీపం దగ్గర పూర్తిగా తెల్లబడిపోయినదాన్నీ ఇది వెనక్కి తేలేదు.

నేర్చుకోవడం తేలిక కాదన్న మాట కూడా చెప్పాలి. మాడ్యూళ్లు చాలా ఎక్కువ, వాటి పేర్లు కొత్తవారికి అర్థం కావు, ఒకే పనికి రెండు మూడు దారులుంటాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది గానీ, నాయిస్ మాడ్యూల్ ఆన్ చేశాక ప్రతి మార్పుకూ కాసేపు ఆగవలసి వస్తుంది. ఓపెన్‌సీఎల్‌కు (లెక్కలను గ్రాఫిక్స్ కార్డుతో చేయించే పద్ధతికి) పనికివచ్చే గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది.

కృత్రిమ మేధతో నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ల సంగతి అడిగేవారున్నారు. అడోబీ లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన డీనాయిస్ ఒక్క క్లిక్‌తో చాలా శుభ్రమైన ఫలితం ఇస్తుంది. చందా కట్టగలిగి, ఒక్క రాత్రిలో వందల ఫొటోలు పెళ్లివారికి అందించాల్సిన పెళ్లి ఫొటోగ్రాఫర్లకు అదే సరైనది. కానీ గుడి శిల్పాలను, గండికోట ధాన్యాగారం లోపలి గోడలను నమోదు చేసేవారు ఆలోచించుకోవాలి. అలాంటి పద్ధతులు లక్షల చిత్రాల నుంచి నేర్చుకున్న పోలికతో లోటును పూరిస్తాయి కాబట్టి, అరిగిపోయిన ముక్కు దగ్గర కనిపించే గీత ఉలి గీసిందో, సాఫ్ట్‌వేర్ గీసిందో చూసేవారికి తెలియదు. డార్క్‌టేబుల్ ‘డీనాయిస్ ప్రొఫైల్డ్’ మాడ్యూల్ అలా కొత్తగా ఏదీ కల్పించదు. డార్క్‌టేబుల్ మూల ఫైలును తాకకుండా, చేసిన మార్పులన్నీ పక్కనే ఒక చిన్న ఎక్స్ఎంపీ ఫైలులో రాసి పెడుతుంది కనుక, ఏ నీడను ఎంత లేపామో తరువాత ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

మొదలుపెట్టేవారు ఎక్స్‌పోజర్, టోన్ ఈక్వలైజర్, డీనాయిస్ ప్రొఫైల్డ్ ఈ మూడింటితోనే కొన్నాళ్లు పనిచేయాలి. నాయిస్‌ను 100 శాతం జూమ్‌లో చూసి దిద్దినా, ఎంత వరకు తగ్గించాలో మాత్రం ఫొటో వాడే సైజులో చూసి నిర్ణయించాలి. 12×18 అంగుళాల ప్రింట్ తీయించినప్పుడు, స్క్రీన్ మీద నన్ను విసిగించిన గరుకులో చాలా భాగం కాగితం మీద కనిపించలేదు.