అనంతపురంలో క్లౌడ్ కంప్యూటింగ్ ‘యూనివర్సిటీ డిప్లొమా’కు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

డిగ్రీ అయిపోయి, క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా సర్వర్లను అద్దెకు వాడుకునే పద్ధతి) నేర్చుకుంటే బెంగళూరులో ఉద్యోగం దొరుకుతుందని చూస్తున్న మన అనంతపురం, కర్నూలు, కడప పిల్లల కోసం రాస్తున్నా. వాళ్ల అమ్మానాన్నలు కూడా చదివితే మంచిది, ఎందుకంటే చివరికి సంతకం పెట్టేది వాళ్లే. సెంటర్ పేరు రాయడం లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తోంది, లాయర్ వద్దన్నారు. అయినా బోర్డులు మారుతూనే ఉంటాయి, వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు.

నేను ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చేశాను, 2024లో పాసయ్యాను. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె, నాయన చెనక్కాయ వేస్తాడు. ఆ ఆగస్టులో టవర్‌క్లాక్ దగ్గర ఒక పాంప్లెట్ చేతిలో పెట్టారు. ‘పీజీ డిప్లొమా ఇన్ క్లౌడ్ కంప్యూటింగ్, యూనివర్సిటీ సర్టిఫికెట్, 100 శాతం ప్లేస్‌మెంట్’ అని పెద్ద అక్షరాలు. పక్క రాష్ట్రంలోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీ లోగో కూడా ఉంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇన్ అసోసియేషన్ విత్’ అని రాసుంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

నాయనను తీసుకుని వెళ్లాను. ఏసీ గది, కౌన్సెలర్ మేడమ్, టేబుల్ మీద లామినేషన్ చేసిన శాంపిల్ సర్టిఫికెట్. ఫీజు 85,000. ఆ రోజు అడ్మిషన్ కింద 5,000 కడితే చాలు, మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు, వడ్డీ లేదు అన్నారు. “అంకుల్, ఫీజు రిజిస్ట్రేషన్‌కు మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, చెప్పండి” అంటే నాయన చెప్పేశాడు. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ కూడా తీసుకున్నారు. సెల్ఫీ తీసుకున్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. ఫీజు కట్టడానికి సెల్ఫీ ఎందుకు?

అక్టోబర్ 5న నాయన ఊరి నుంచి ఫోన్ చేశాడు. “ఏం పాపా, బ్యాంకులో ఐదువేల ఇరవై లెక్క కట్ అయ్యిందే, ఎవరికి పోయింది?” మెసేజ్‌లో సెంటర్ పేరు లేదు, ఎప్పుడూ వినని ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది. అది అప్పు! నాయన పేరు మీద 80,000 లోన్, నెలకు 5,020 చొప్పున 18 కంతులు. లెక్కేస్తే 90,360. లేదన్న వడ్డీ 10,360 తేలింది. లోన్ డబ్బు ఆగస్టులోనే మొత్తం సెంటర్ ఖాతాకు చేరిపోయింది, అంటే వాళ్లు పాఠం చెప్పినా చెప్పకపోయినా మేము ఫైనాన్స్ కంపెనీకి కట్టాల్సిందే.

సరే, చదువైనా బాగుంటే కిందా మీదా పడి కడదామనుకున్నాం. ఇక ల్యాబ్ సంగతి వినండి.

మొదటి ప్రాక్టికల్ రోజు సారు బోర్డు మీద మార్కర్‌తో ఒక ఈమెయిల్, పాస్‌వర్డ్ రాశాడు. ముప్పై మందికీ అదే లాగిన్. సర్వర్‌లోకి వెళ్లడానికి తాళంచెవి లాంటి పెమ్ ఫైల్‌ను వాట్సాప్ గ్రూపులో పడేశాడు. నేను ఒక ఉబుంటు సర్వర్ లాంచ్ చేసి, ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ పేజీలు చూపించే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, బ్రౌజర్‌లో దాని ఐపీ అడ్రస్ కొడితే పేజీ వచ్చింది. భలే సంతోషమేసింది. పది నిమిషాలకు రిఫ్రెష్ చేస్తే పేజీ లేదు. వెనక బెంచీలో అబ్బాయి తన సర్వర్ అనుకుని నాది టెర్మినేట్ చేశాడు, అంటే పూర్తిగా తీసేశాడు. పాపం అతని తప్పేముంది, లిస్టులో ముప్పై సర్వర్లు, సగానికి పేర్లు కూడా లేవు.

తర్వాత జేఎన్‌టీయూలో చదివే మా పక్కింటి తమ్ముడికి ఇది చెబితే తల పట్టుకున్నాడు. “అక్కా, అది రూట్ అకౌంట్, అన్ని అధికారాలూ ఉండేది. క్లౌడ్‌లో నేర్పే మొదటి పాఠమే దాన్ని రోజూ వాడొద్దని. రూట్‌కు ఎంఎఫ్‌ఏ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో కోడ్ కూడా అడిగే తాళం, పెట్టి పక్కన పెట్టాలి, ఒక్కొక్కరికీ ఐఏఎంలో (యూజర్లు, అనుమతులు చూసుకునే చోటు) వేరే యూజర్ ఇచ్చి ఎవరికి ఎంత అనుమతి కావాలో అంతే ఇవ్వాలి.” మాకు ఆ పాఠం మూడో నెలలో పీపీటీలో వచ్చింది. సారు చదివి వినిపించాడు, బోర్డు మీద పాస్‌వర్డ్ మాత్రం అలాగే ఉంది.

నవంబర్‌లో ఆ అకౌంట్ బ్లాక్ అయింది. ‘ఇకపై మీ సొంత కార్డులతో ఫ్రీ అకౌంట్లు తెరుచుకోండి’ అన్నారు. వీపీసీ (క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్) ప్రాక్టికల్‌లో ప్రైవేట్ సబ్‌నెట్ (బయటి నుంచి నేరుగా చేరలేని భాగం) కోసం నాట్ గేట్‌వే, అంటే ఆ లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్లే దారి, పెట్టించారు. క్లాసు అయ్యాక సర్వర్లు ఆపమన్నారు, ఆపేశాను. కానీ నాట్ గేట్‌వేకి సర్వర్‌తో సంబంధం లేదు. దాన్ని డిలీట్ చేసేదాకా గంటకింత అని మీటర్ తిరుగుతూనే ఉంటుంది, ఒక్క బైట్ కూడా వెళ్లకపోయినా సరే. 19 రోజుల తర్వాత రెండు వేల ఏడు వందల పైచిలుకు బిల్లు చూసి చెమటలు పట్టాయి. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవడం ఐదు నిమిషాల పని. ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరైనా సొంతంగా అకౌంట్ తెరుస్తుంటే నేను చెప్పే మొదటి మాట ఇదే: సర్వర్ లాంచ్ చేయకముందే బిల్లింగ్ అలర్ట్ పెట్టండి, రోజు చివర నాట్ గేట్‌వేలు, లోడ్ బ్యాలెన్సర్లు (వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచేవి), ఖాళీగా పడి ఉన్న ఐపీలు వెతికి తీసేయండి.

జనవరిలో అసలు గుట్టు బయటపడింది. ఎగ్జామ్ ఎప్పుడని అడిగితే రోజుకో మాట చెబుతున్నారని, నేనే యూనివర్సిటీ అడ్మిషన్ సెక్షన్‌కు ఫోన్ చేశాను. “అనంతపురంలో మాకు సెంటర్ లేదమ్మా. మీ పేరు మా రికార్డుల్లో లేదు” అన్నారు. సర్టిఫికెట్ గురించి సెంటర్‌లో నిలదీస్తే, వచ్చేది ‘పార్టిసిపేషన్ సర్టిఫికెట్’ అట, యూనివర్సిటీతో ‘మాట్లాడుతున్నారు’ అట. ప్లేస్‌మెంట్ అంటే ‘అసిస్టెన్స్’ అట, మేం సంతకం పెట్టిన కాగితంలో ఆ మాటే ఉంది.

నేను చేరకముందు చూసుకోవాల్సినవి, చూసుకోనివి ఇవీ. ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ డిగ్రీ, పీజీ డిప్లొమా ఇవ్వాలంటే ఆ యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉండాలి. ఏ యూనివర్సిటీకి ఏ కోర్సుకు ఉందో యూజీసీ దూరవిద్యా బ్యూరో, అంటే డీఈబీ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు కనిపించింది కదా అని ఆగిపోవద్దు, మీ కోర్సు పేరు ఉందో లేదో చూడండి. మా విషయంలో ఆ జాబితాలో యూనివర్సిటీ ఉంది, క్లౌడ్ డిప్లొమా లేదు. ఇలాంటి కోర్సులను ఫ్రాంచైజీకి ఇవ్వడం యూజీసీ నిబంధనలకు విరుద్ధం. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే విద్యార్థి ముందుగా తనే డీఈబీ ఐడీ తీసుకోవాలి కూడా. దాని మాటే ఎత్తని సెంటర్ అయితే లేచి వచ్చేయండి. 100 శాతం ఉద్యోగం అని కోచింగ్ సంస్థలు తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. పాంప్లెట్ పారేయకండి, నా కేసులో అదే పెద్ద సాక్ష్యం.

లోన్ సంగతికొస్తే, ఓటీపీ చెప్పేముందు మెసేజ్ మొత్తం చదవండి. ఆర్బీఐ నిబంధనల ప్రకారం లోన్ ఇచ్చేవాళ్లు వడ్డీ, ఖర్చులు అన్నీ రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. డిజిటల్ లోన్లకు కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది, ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. మాకు తెలిసేటప్పటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కోపంతో కంతులు ఆపేద్దామనుకున్నాను గానీ నాయన సిబిల్ స్కోర్ పోతుంది, రేపు పంట లోన్ దగ్గర ఇబ్బంది. అందుకే కడుతూనే పోరాడుతున్నాం.

ముందు 1915 నంబర్‌కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. సెంటర్ వాళ్లు కదల్లేదు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. మనం కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఫైనాన్స్ కంపెనీ మీద ఫిర్యాదుకు 30 రోజులు జవాబు రాకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) ఉచితంగా ఆన్‌లైన్‌లో రాయొచ్చు, అదీ రాశాం.

ఈలోపు చదువు ఆపలేదు. ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్) ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల క్లౌడ్ కంప్యూటింగ్ కోర్సు చూశాను, వీడియోలు ఉచితం, పరీక్ష రాయాలనుకుంటేనే వెయ్యి రూపాయలు. అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష ఫీజు 100 డాలర్లు, దానికి ఏ సెంటర్ సిఫార్సూ అక్కర్లేదు, ఎవరైనా నేరుగా రాయొచ్చు. కాలేజీలో చదివేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజూర్‌లో కార్డు అడగకుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. నా 85,000 ముందు ఇవన్నీ కలిపినా ఎంత?

ఇంకా ఆరు కంతులున్నాయి. పోయిన వారం ఆర్టీసీ బస్టాండ్ బయట ఒక కుర్రాడు పాంప్లెట్లు పంచుతుంటే తీసుకున్నాను. సెంటర్ పేరు కొత్తది, రంగు నీలం నుంచి ఆకుపచ్చకు మారింది, కర్నూలు, కడపల్లో కూడా బ్రాంచీలని రాసుంది. లోగో కింద ‘ఇన్ అసోసియేషన్ విత్’ మాత్రం అవే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.