లైన్లు ఏరిపారేసే స్క్రిప్టు: తెలుగు టెక్స్ట్ ఫైళ్ల మీద ఏళ్ల వాడకం తర్వాత

ఓసీఆర్ చేసిన (స్కాన్ బొమ్మలోంచి ప్రోగ్రాం అక్షరాలు చదివి ఇచ్చిన) తెలుగు పుస్తకపు టెక్స్ట్ ఫైలు తెరిస్తే కనిపించే చెత్త ఎప్పుడూ ఒకే బాపతు. ప్రతి పేజీ నెత్తిన పుస్తకం పేరు, అడుగున పేజీ అంకె, మధ్యమధ్య ఖాళీ లైన్లు, కాగితం మీది మరకను అక్షరమనుకుని చదివిన ఒకటీ అరా గుర్తులు. 300 పేజీల పుస్తకమైతే పేరూ అంకే కలిపి 600 లైన్లు. చేత్తో తీసే పని కాదు. టెక్స్ట్ వడపోసే గ్రెప్, సెడ్, ఆక్ కమాండ్లు, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, ఈ నాలుగింటినీ ఇదే పనికి చాలాకాలం వాడాక తేలిందేమిటంటే, లైను తీసేయడం నాలుగింటికీ తెలుసు. తీయకూడని లైను పోయినప్పుడు అది మన కంటపడుతుందా లేదా అన్న దగ్గరే అసలు తేడా. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. ‘పెద్ద’ అని చెప్పిన చోట తప్ప ఆప్షన్లన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే.

మొదట చేతికి రావాల్సింది గ్రెప్. -వి ఆప్షన్ ఇస్తే, మనం ఇచ్చిన అక్షరాల నమూనాకు, అంటే ప్యాటర్న్‌కు కుదిరిన లైన్లు వదిలేసి మిగతావి చూపిస్తుంది. అసలు ఫైలును ముట్టుకోదు, అదే దీని గొప్ప గుణం. ముందు -వి లేకుండా నడిపితే పోబోయేవి తెరమీద కనిపిస్తాయి, -సి ఇస్తే ఎన్నో లెక్క వస్తుంది. ఆ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. 300 పేజీల పుస్తకంలో పేజీ అంకెల ప్యాటర్న్‌కు 288 వచ్చాయంటే ఓ 12 పేజీల్లో అంకెను ఓసీఆర్ తప్పుగా చదివింది, లేదా అక్కడ అంకె అచ్చే కాలేదు. 340 వచ్చాయంటే పద్యాల సంఖ్యలో, పట్టికలోని అంకెలో కూడా పట్టుబడుతున్నాయి. పాత పుస్తకాల్లో తెలుగు అంకెలు ఉంటాయి కాబట్టి ప్యాటర్న్‌లో [0-9౦-౯] అని రెండూ ఇవ్వాలి. తెలుగు సున్నా ౦కీ, అనుస్వారం ‘ం’కీ మధ్య ఓసీఆర్ తరచూ తికమకపడుతుంది. అలా తప్పిపోయినవి లెక్కలో తేడాగా బయటపడతాయి.

గ్రెప్‌తో దెబ్బతినే చోట్లు మూడు. ఫలితాన్ని > గుర్తుతో అదే ఫైలులోకి పంపితే, గ్రెప్ మొదలవ్వకముందే షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రాం) ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. పుస్తకం మొత్తం పోతుంది. రెండోది, తీసేయాల్సిన లైన్ల జాబితాను ఫైలుగా పెట్టి చిన్న -ఎఫ్‌తో ఇచ్చేటప్పుడు ఆ జాబితాలో ఒక్క ఖాళీ లైను ఉంటే చాలు. ఖాళీ ప్యాటర్న్ ప్రతి లైనుకూ కుదురుతుంది, -వి అన్నిటినీ తీసేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. ఎడిటర్‌లో జాబితా చివర అలవాటుగా రెండుసార్లు ఎంటర్ నొక్కేవాళ్లకు ఇది తప్పదు. మూడోది, ఒక్క లైనూ మిగలకపోతే గ్రెప్ 1 అనే కోడ్‌తో ముగుస్తుంది. ఎర్రర్ రాగానే ఆగేలా సెట్ -ఇ పెట్టిన షెల్ స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. ఖాళీ ఫలితం తప్పు కాకపోయినా సరే.

పేజీ శీర్షికలు తీయడానికి పెద్ద -ఎఫ్ (అక్షరాలను ఉన్నవున్నట్టు పోల్చమని), -ఎక్స్ (లైను మొత్తం అదే అయితేనే అని) రెండూ జతచేయాలి. ‘పీఠిక’ అన్న శీర్షికను -ఎక్స్ లేకుండా తీసేస్తే ఆ మాట వచ్చిన ప్రతి వాక్యమూ పోతుంది. -ఎక్స్ పెట్టాక మాత్రం లైను చివర ఒక్క ఖాళీ ఉన్నా కుదరదు. విండోస్‌లో తయారైన ఫైలైతే ప్రతి లైను చివరా కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది కాబట్టి ఒక్కటీ కుదరదు. ఖాళీ లైన్లు తీసే ^$ (^ అంటే లైను మొదలు, $ అంటే లైను చివర) కూడా ఆ ఫైళ్లలో పనిచేయదు, కారణం ఇదే. డాస్‌టుయునిక్స్ (ఆ గుర్తును తీసేసే కమాండ్) నడిపాకే మొదలుపెట్టాలి. ఫైలు మొదట్లో బామ్ అనే కనిపించని మూడు బైట్లు ఉంటే మొదటి లైను ఒక్కటే మొండికేస్తుంది.

ఇంతకంటే ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఫారం ఫీడ్. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాం రాసే టెక్స్ట్‌లోనూ, పీడీఎఫ్‌టుటెక్స్ట్ తీసే టెక్స్ట్‌లోనూ పేజీ అయిపోగానే ఆస్కీ 12వ కోడ్ పడుతుంది. దాని వెనకాల కొత్త లైను గుర్తు ఉండదు. అంటే రెండో పేజీ నుంచి ప్రతి పేజీ మొదటి లైనూ ఆ కనిపించని కోడ్‌తోనే మొదలవుతుంది. మనం తీయాలనుకునే శీర్షిక ఉండేదేమో సరిగ్గా ఆ లైనులోనే. ^ పెట్టిన ప్యాటర్న్ మొదటి పేజీ శీర్షికను తీసి మిగతా 299 వదిలేస్తే అనుమానం ముందు దీనిమీదకే పోవాలి. ^ తర్వాత [[:స్పేస్:]]* పెడితే కుదురుతుంది, ఎందుకంటే ఆ వర్గంలో ఫారం ఫీడ్ కూడా ఉంది. కానీ అప్పుడు లైనుతోపాటు పేజీ హద్దూ పోతుంది. స్కాన్‌తో పోల్చి దిద్దేవాళ్లకు ఆ హద్దు కావాలి. అందుకని మొదటి మెట్టుగా ఫారం ఫీడ్ ఉన్న చోట @@@@ లాంటి గుర్తును విడి లైనుగా పెట్టుకుని, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెట్టడం మేలు.

సెడ్ సంగతికి వస్తే, లైను నంబర్లతో తీసే పనికి దీన్ని మించింది లేదు. 1డి మొదటి లైను, $డి చివరి లైను, 5,10డి అంటే ఐదు నుంచి పది. ఫైళ్లు నాలుగు ఒకేసారి ఇచ్చి 1డి అంటే మాత్రం నాలుగింటినీ ఒకే ప్రవాహంగా చూసి మొదటి ఫైలు మొదటి లైనే తీస్తుంది. గ్నూ సెడ్‌లో -ఎస్ ఇస్తే విడివిడిగా చూస్తుంది.

-ఐ ఆప్షన్ ఫైలును అక్కడికక్కడే మారుస్తుంది. ఇది పోసిక్స్ ప్రమాణంలో (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి నియమాల్లో) లేదు, అందుకే లినక్స్‌లో రాసిన స్క్రిప్టు మ్యాక్‌లో తన్నేస్తుంది. మ్యాక్‌లోని సెడ్‌కు -ఐ తర్వాత బ్యాకప్ తోక ఇవ్వాల్సిందే, వద్దనుకుంటే ఖాళీ కోట్లు (కొటేషన్ గుర్తులు) అయినా పెట్టాలి. లినక్స్‌లో ఆ ఖాళీ కోట్లనే స్క్రిప్టు అనుకుని, అసలు స్క్రిప్టును ఫైలు పేరు అనుకుంటుంది. మధ్యలో ఖాళీ లేకుండా -ఐ.బ్యాక్ అని అతికించి రాస్తే రెండుచోట్లా నడుస్తుంది, పైగా పాత ఫైలు మిగులుతుంది. నిజానికి -ఐ ఫైలును మార్చదు కూడా. కొత్త ఫైలు రాసి పాత పేరు తగిలిస్తుంది. సిమ్‌లింక్ (వేరే ఫైలును చూపించే పేరు) ఇస్తే అది తెగి మామూలు ఫైలు అయిపోతుంది. నడుస్తున్న సర్వర్ లాగ్ మీద వాడితే ఆ సర్వర్ పేరు పోయిన పాత ఫైలులోకే రాస్తూ ఉంటుంది, కొత్తదానిలో ఒక్క లైనూ చేరదు.

సెడ్‌లో నాకు నమ్మకం లేనిది రేంజ్. ఫలానా లైను నుంచి ఫలానా లైను దాకా తీసెయ్ అంటే, ముగింపు లైను కనపడకపోతే ఫైలు చివరిదాకా తీసేస్తుంది. అడ్డగీత నుంచి పేజీ హద్దు దాకా ఉన్న అధోజ్ఞాపికలను తీసే రూలు రాసి, అంతకుముందు మెట్టులోనే పేజీ హద్దులు చెరిపేసి ఉంటే, మొదటి అధోజ్ఞాపిక దగ్గర పుస్తకం ముగిసిపోతుంది. మొదలు, ముగింపు రెండూ ఒకే లైనులో ఉన్నా ఇదే గొడవ, ముగింపును తర్వాతి లైను నుంచే వెతుకుతుంది.

ఆక్ పేరు చెప్పగానే అందరూ చూపించేది రెండోసారి వచ్చిన లైన్లను తీసే ఆ ఒక్క లైను చిట్కా. యునీక్ పక్కపక్కన ఉన్న నకళ్లనే తీస్తుంది, సార్ట్ -యు వరుస చెడగొడుతుంది, ఆక్ రెండూ లేకుండా పని కానిస్తుంది. పదాల జాబితాలకు బంగారం లాంటిది. సాహిత్యం మీద వాడకూడదు. శతకంలో సాధారణంగా మకుటం ప్రతి పద్యం చివరా వస్తుంది. అది విడి లైనుగా ఉంటే, ఈ చిట్కా మొదటి పద్యానికి మకుటం ఉంచి తక్కినవాటికన్నిటికీ కోసేస్తుంది. కీర్తనలో పల్లవికీ అదే గతి. ఖాళీ లైన్లు కూడా ఒకదానికొకటి నకళ్లే కాబట్టి మొదటిది తప్ప అన్నీ పోయి పేరాలు కలిసిపోతాయి. ఖాళీ లైను అయితే వదిలెయ్ అన్న షరతు ముందు పెట్టాలి.

పొడవు చూసి తీసే రూలుకు ఇంకో చిక్కు. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో శ, పొల్లు, ర, ఈత్వం కలిపి నాలుగు కోడ్లు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఆక్ రకాల్లో ఒకటైన గాక్ దీని పొడవు 4 అంటుంది, బైట్లు లెక్కపెట్టే ఇంకో రకం, మాక్, 12 అంటుంది. ‘5 కంటే పొట్టి లైన్లు తీసెయ్’ అన్న రూలు ఒక మెషిన్‌లో శ్రీకారాన్ని మింగేసి, ఇంకో మెషిన్‌లో కొన్ని మరక గుర్తులను కూడా ఉంచేస్తుంది. ఏ ఆక్ ఉందో చూసుకోకుండా ఇలాంటి రూలు రాయొద్దు.

ప్యాటర్న్‌లో తెలుగు మాట ఉంటే ఇక పైథానే. అక్కడా తెలుగు ఊరికే లొంగదు. ‘పుట’ అన్న మాట ఉన్న లైన్లు తీసేయాలనుకోండి. ‘పుట్టెను’ ఉన్న లైన్లూ పోతాయి. కంటికి అవి వేరే మాటలు, కోడ్ వరుసలో మాత్రం ‘పుట్టెను’ అంటే ‘పుట’, దాని తర్వాత పొల్లు, మళ్లీ ట. మాట హద్దు గుర్తు \బి పెట్టినా ఆగదు, ఎందుకంటే పైథాన్‌తో వచ్చే రెగెక్స్ (ప్యాటర్న్లు పోల్చే) మాడ్యూల్ గుణింతాలనూ, పొల్లునూ, సున్నానూ అక్షరాలుగా లెక్కపెట్టదు, మాట మధ్యలోనే హద్దు ఉందనుకుంటుంది. మందు ఒకటే: మాటకు ముందూ వెనకా తెలుగు బ్లాకులోని ఏ కోడూ ఉండకూడదని లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్‌లతో చెప్పడం. తెలుగు బ్లాకు హెక్సాలో 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు.

పోల్చేముందు లైనును ఎన్‌ఎఫ్‌సి రూపానికి (ఒకే అక్షరం ఎప్పుడూ ఒకే కోడ్ వరుసగా ఉండే యూనికోడ్ రూపానికి) తేవాలి. ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు కోడ్లుగానూ ఉండొచ్చు. తెరమీద తేడా తెలియదు, పోలికలో కుదరదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, వెడల్పు లేని కోడ్) సంగతి వేరు. పొల్లు తర్వాత హల్లు వచ్చే చోట దానివల్ల రూపమే మారుతుంది కాబట్టి పాఠంలోంచి తీయకూడదు. పదం చివర ఉంటే మాత్రం అసలు కనిపించదు, ఒకే శీర్షిక రెండు రకాలుగా తయారవుతుంది. ఎన్‌ఎఫ్‌సి దాన్ని తీయదు, అంచుల ఖాళీలు తీసే పైథాన్ స్ట్రిప్ కూడా తీయదు. అదొక్కటే ఉన్న లైను ఖాళీగా కనిపిస్తుంది, ఖాళీ లైన్ల రూలుకు మాత్రం చిక్కదు.

కాబట్టి స్క్రిప్టు చేయాల్సిన పని ఇలా ఉండాలి. ప్రతి లైనుకూ పోలిక కోసం ఒక నకలు తీసుకుని, దాన్ని ఎన్‌ఎఫ్‌సికి తెచ్చి, జాయినర్లు, అంచుల ఖాళీలు తీసేసి, రూళ్లన్నీ ఆ నకలు మీద నడపాలి. ఉంచాల్సి వస్తే అసలు లైనును అక్షరం మారకుండా రాయాలి. తీయాల్సి వస్తే లైను నంబరు, పట్టుకున్న రూలు పేరు, లైను మూడూ ఇంకో ఫైలులో రాయాలి. చివర ఉంచినవీ తీసినవీ కలిపితే మొదటి లెక్క రావాలి, రాకపోతే పాత ఫైలును ముట్టుకోకుండా ఆగిపోవాలి. ఫలితాన్ని అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలుగా రాసి, అంతా అయ్యాక ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పేరు మార్చాలి. ఇదంతా 30 లైన్ల లోపే. తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని చెప్పి తీరాలి, అది బామ్‌ను కూడా మింగుతుంది.

లైన్లను లిస్టులో పెట్టి, దానిమీద ఫర్ లూప్ నడుస్తుండగానే అందులోంచి తీసేయడం కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు. ఒకటి తీయగానే మిగతావి ఒక్కో మెట్టు ముందుకు జరుగుతాయి, లూప్ తర్వాతిదాన్ని చూడకుండా దాటిపోతుంది. వరుసగా 4 ఖాళీ లైన్లుంటే 2 మిగులుతాయి. స్క్రిప్టును రెండుసార్లు నడిపితే సరిపోతుందని కొందరు అనుకుంటారు, అది మందు కాదు. స్ప్లిట్‌లైన్స్ (టెక్స్ట్‌ను లైన్లుగా విడగొట్టేది) కూడా జాగ్రత్త, అది ఫారం ఫీడ్ దగ్గర కూడా లైను తెంపుతుంది కాబట్టి నంబర్లు ఎడిటర్‌లోని నంబర్లతో కలవవు. ఫైలు మీద నేరుగా లూప్ నడిపితే ఈ గొడవ లేదు.

వేగంలో పైథాన్ గ్రెప్‌కు దగ్గరికి కూడా రాదు. ఒక పుస్తకానికి ఆ తేడా తెలియనే తెలియదు. గిగాబైట్ల లాగ్ ఫైళ్లయితే గ్రెప్‌తో ఒకసారి వడపోసి మిగిలింది పైథాన్‌కు ఇవ్వాలి. సీఎస్‌వీ (పట్టికలను కామాలతో విడదీసి రాసే) ఫైళ్లమీద ఈ నాలుగింటినీ లైన్ల లెక్కన నడపకూడదు, కోట్ల లోపల లైను విరుపు ఉంటే సగం రికార్డు పోతుంది. పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ రికార్డును రికార్డుగా చదువుతుంది. సబ్‌టైటిల్స్ ఎస్ఆర్‌టీ ఫైలులో ఖాళీ లైనే ఒక డైలాగుకూ ఇంకోదానికీ మధ్య గోడ, దాన్ని తీస్తే ఫైలు పనికిరాదు.

బియ్యంలో రాళ్లు ఏరినప్పుడు పళ్లెంలోకి తోసినవాటిని ఓసారి చూసినట్టే, తీసిన లైన్ల ఫైలునూ చూడాలి. 600 లైన్లు మొదటి నుంచీ చదవక్కర్లేదు. పొడవు ప్రకారం పేర్చి పొడవైనవాటితో మొదలుపెట్టండి. పేజీ అంకెలూ శీర్షికలూ మరకలూ పొట్టిగా ఉంటాయి. పొరపాటున పోయిన వాక్యాలు మొదటి ఇరవై ముప్ఫై లైన్లలోనే దొరుకుతాయి, పక్కనే రూలు పేరు ఉంటుంది కాబట్టి ఏది దిద్దాలో కూడా తెలుస్తుంది.